ఇంటి మెరుగులకు పెంచిన అద్దె: వాడి చూశాక నా అభిప్రాయం

హైదరాబాదులో ఒక ఇంటి మొదటి అంతస్తులో మేము చాలా ఏళ్లుగా అద్దెకు ఉంటున్నాము. ఒప్పందం ప్రకారం ఏటా పెరిగే 5 శాతం కాక, ఏదైనా పని చేయించినప్పుడల్లా యజమాని అద్దె మరికొంత పెంచుతూ వచ్చారు.

వాటిలో గిట్టుబాటైనది డాబా మీది సోలార్ వాటర్ హీటర్. దీనికి నెలకు 500 రూపాయలు పెంచారు. గొట్టంలో నిలిచిన చన్నీళ్లు సగం బకెట్టు పోతే గాని వేడినీళ్లు రావు, ముసురు పట్టిన రోజుల్లో మళ్లీ గీజరే గతి. అయినా చలికాలపు కరెంటు బిల్లులో తేడా స్పష్టంగా కనబడుతోంది. బోరు నీటి ఉప్పు గాజు గొట్టాల్లో పేరుకున్నప్పుడు యజమానే మనిషిని పిలిపించి కడిగించారు. కాబట్టి ఈ పెంపు న్యాయమే.

వంటగది కప్‌బోర్డుల సంగతి వేరు. మేము అడగకుండానే 1,20,000 రూపాయలు పెట్టి చేయించి, నెలకు 1,500 పెంచారు. సింకు కింది తలుపు చెమ్మకు ఉబ్బిపోయి ఇప్పుడు సరిగా మూసుకోదు. పెట్టిన ఖర్చు 80 నెలల్లో తిరిగి వచ్చేస్తుంది, పెంపు మాత్రం ఆగదు. పైగా దాన్ని అసలు అద్దెలో కలిపేయడంతో ఏటా 5 శాతం దాని మీద కూడా పడి, అయిదు పెంపుల తర్వాత ఆ 1,500 కాస్తా 1,914 అవుతుంది. చెక్క పాతబడే కొద్దీ దాని అద్దె పెరగడం ఏ లెక్కన సబబో నాకు బోధపడలేదు.

సున్నాలకు, వైరింగు మార్చినందుకు కూడా పెంపు అడిగారు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే, ఈ రెండింటినీ యజమాని బాధ్యతగానే చూస్తుంది; కుళాయి వాషర్లు, స్విచ్చుల వంటివి అద్దెదారు చూసుకోవాలి. మెరుగులకు అద్దె పెంచాలంటే పని మొదలు కాకముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలనీ, పెంపు పని పూర్తయిన నెల తర్వాతే అమలవుతుందనీ అందులో ఉంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటే తప్ప అది వర్తించదు గాని, మాట్లాడుకోవడానికి మంచి ఆధారం. అది చూపించాక యజమాని సున్నాల పెంపు, వైరింగు పెంపు మానుకున్నారు, కప్‌బోర్డులది మానుకోలేదు.

ఈమధ్య ఇన్వర్టరు పెడతామన్నప్పుడు, దాని 300 రూపాయలను అసలు అద్దెలో కలపకుండా, ఏటా పెరిగే 5 శాతం దానికి వర్తించకుండా, బ్యాటరీ మార్చే ఖర్చు యజమానిదేనని ముందే కాగితం మీద రాయించుకున్నాము.