లక్సెంబర్గ్ 2025: గద్దె మారింది, ట్రామ్ వచ్చింది, గది అద్దె మాత్రం దిగలేదు

2025లో లక్సెంబర్గ్‌లో ఏం జరిగిందని అడిగితే అందరూ చెప్పేది ఒకటే: అక్టోబరు 3న గ్రాండ్ డ్యూక్ (ఇక్కడి రాజుకి అదే బిరుదు) హెన్రీ పాతికేళ్ల పాలన తర్వాత గద్దె దిగి, పెద్దకొడుకు గియోమ్‌కి అప్పగించాడు. నేనూ ఆ వేడుకల రోజులు చూసుకునే వెళ్లాను. కానీ ఊరు చూడ్డానికి వచ్చినవాడి లెక్క వేరు. నన్నడిగితే ఆ ఏడాది అసలు కబురు మార్చి 2న విమానాశ్రయం దాకా వచ్చిన ట్రామే.

ఫిండెల్ టెర్మినల్ నుంచి సూట్‌కేసు ఈడ్చుకుంటూ బయటికొస్తే ట్రామ్ సిద్ధంగా ఉంటుంది. టికెట్ మిషను లేదు, కార్డు తాకించే పని లేదు, ఎక్కి కూర్చోవడమే. 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశమంతటా బస్సు, రైలు, ట్రామ్ అన్నీ ఉచితం. విదేశీయులకి కూడా. రైల్లో ఫస్ట్ క్లాసు కావాలంటేనే డబ్బు. యూరోపియన్ సంస్థల అద్దాల మేడలున్న కిర్ష్‌బర్గ్ దాటి, లోయ మీది ఎర్ర వంతెన ఎక్కాక పైన కరెంటు తీగలు మాయమవుతాయి. పాతూరి అందం చెడకూడదని అక్కడ తీగలు వేయలేదు. బండి స్టాపులో ఆగిన ఆ కాసేపట్లోనే చార్జింగ్ ఎక్కించుకుని కదులుతుంది.

ప్రయాణంలో మిగిలిందంతా బస లాగేసుకుంటుంది. ఇక్కడి హోటళ్లకి గిరాకీ బ్యాంకుల వాళ్లూ, యూరోపియన్ యూనియన్ మీటింగులకి వచ్చేవాళ్లూ. అందుకని మామూలుగా శని, ఆదివారాల్లో రేట్లు తగ్గుతాయి, సోమవారం మళ్లీ ఎగబాకుతాయి. పట్టం మారిన వారాంతంలో ఈ సూత్రం పనిచేయలేదు. స్టేషను దగ్గర నేను దిగిన హోటల్లో సూట్‌కేసు తెరిస్తే తలుపు తెరుచుకోదు. రిసెప్షన్ రాత్రి తొమ్మిదికే బంద్, తలుపు కోడ్ మెయిల్ చేస్తామన్నవాళ్లు చేయలేదు. టిఫిన్‌కి వేరే బిల్లు. స్టేషను చుట్టుపక్కల వీధులు రాత్రిపూట అంత బాగుండవు కూడా. కుటుంబంతో వెళ్లేవాళ్లకి నేనైతే అటువైపు చెప్పను.

తర్వాత మారింది ఫాఫెన్‌తాల్ లోయలోని యూత్ హాస్టల్‌కి. పేరు చూసి కుర్రాళ్ల సత్రం అనుకోకండి, పెద్దవాళ్లూ పిల్లలున్నవాళ్లూ బోలెడంతమంది దిగుతారు. కిందికి దిగాం, పైకెలా అని భయమూ అక్కర్లేదు. పాతూరికి 71 మీటర్ల అద్దాల లిఫ్టు ఉంది, కిర్ష్‌బర్గ్ వైపు కొండ మీదికి తాడు లాగే ఫ్యునిక్యులర్ రైలు ఉంది. రెండూ ఉచితమే.

ఇక ఆ శుక్రవారం సంగతి. రాజభవనం ముందు మైదానం, కోటగోడ లాంటివేమీ ఉండవు. నేరుగా వీధి మీదికే ఉంటుంది, పక్కనే గోడకి గోడ ఆనుకుని పార్లమెంటు. భవనంలో తండ్రి సంతకం పెట్టాడు, పార్లమెంటులో కొడుకు రాజ్యాంగం మీద ప్రమాణం చేశాడు. కిరీటం పెట్టడం లేదు, పట్టాభిషేకం లేదు. అసలు రాజుగారి చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు కూడా. 2008లో కారుణ్య మరణం చట్టానికి ఆమోదం ఇవ్వనని హెన్రీ మొండికేస్తే, చట్టాలకి ఆయన ఆమోదమే అక్కర్లేకుండా రాజ్యాంగాన్ని సవరించేశారు! ఇరుకు వీధి కాబట్టి వెనకబడ్డవాళ్లకి కనిపించేవి జెండాలూ, ఎత్తి పట్టుకున్న ఫోన్లే. లోపల జరిగేది పక్కావిడ ఫోన్‌లో లైవ్ చూశాను. బాల్కనీలోకి వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం కనబడ్డారు. దీనికోసమే మూడింతలు అద్దె కట్టి వెళ్లాలా అంటే, వద్దు.

నాకు డబ్బుకి న్యాయం జరిగిందనిపించింది షెంగెన్‌లో. మన పాస్‌పోర్టులో వీసా స్టిక్కరు మీద ఉండే పేరు ఈ ఊరిదే. మోసెల్ నది ఒడ్డున, ద్రాక్షతోటల కింద చిన్న పల్లె. 1985 జూన్ 14న ఐదు దేశాలు ఇక్కడే, నది మీద పడవలో, తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 2025కి నలభై ఏళ్లు. ఆ సందర్భంగా మ్యూజియాన్ని కొత్తగా తీర్చిదిద్ది, ప్రిన్సెస్ మరీ-అస్త్రిద్ అనే ఆనాటి పడవని తెచ్చి ఒడ్డున కట్టేశారు. వంతెన దాటితే జర్మనీలోని పెర్ల్, అక్కణ్ణుంచి నదిపక్కన నడుస్తూ పోతే ఫ్రాన్సులోని అపాక్. విచిత్రమేమిటంటే ఆ పక్కనే హైవే మీద జర్మనీ పోలీసులు మళ్లీ తనిఖీలు పెట్టారు. 2024 సెప్టెంబరు నుంచి ఇదే తంతు, లక్సెంబర్గ్ ప్రభుత్వం నిరసన చెబుతూనే ఉంది. ఊళ్లో జనం కనబడేది మ్యూజియం దగ్గర కాదు, పెట్రోలు బంకుల దగ్గర. ఫ్రాన్సు, జర్మనీ నంబరు ప్లేట్ల కార్లు వరసకట్టి ఉంటాయి. ట్యాంకు నింపుకుని, డిక్కీలో కాఫీ పొడి, సిగరెట్ల పెట్టెలు వేసుకుని వెళ్లిపోతారు. ఇక్కడ పన్ను తక్కువ.

తిండి విషయంలో శాకాహారులకి కొంచెం కష్టమే. బీన్స్ సూప్ అని పెట్టినదాంట్లోనూ పందిమాంసం ముక్కలుంటాయి, ముందే అడగాలి. గ్రొంపరెకిషెల్షెర్ అనే బంగాళాదుంప అట్లు సంతల్లో దొరుకుతాయి, వేడివేడిగా తింటే బాగుంటాయి, పచ్చిమిర్చి ఒక్కటే లోటు. మధ్యాహ్నం రెండు దాటితే చాలాచోట్ల వంటగది మూసేస్తారు.

బస ఖర్చు మరీ భారమైతే జర్మనీలోని ట్రియర్‌లో దిగి రోజూ రైల్లో వచ్చిపోవచ్చు, గంటలోపే. అయితే ఉచితం సరిహద్దు స్టేషను వాసర్‌బిల్లిగ్ వరకే. అవతలి ముక్కకి టికెట్ కొనుక్కోవాల్సిందే.