పాత అరబ్బు షావుకార్ల ఇళ్లు: జెద్దా మేలా, ముహర్రఖ్ మేలా?

మక్కాకి ఉమ్రా యాత్రకి వచ్చేవాళ్లు, సౌదీ తూర్పు తీరంలో దమ్మాం, ఖోబర్‌లలో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు తరచూ అడిగేది ఒకటే. చమురు పడకముందు ఈ రేవుల్లో షావుకారు కుటుంబాలు ఎలా బతికాయో చూడాలంటే ఎక్కడికి వెళ్లాలని. మాల్స్, టవర్లు చూసి విసిగిపోయినవాళ్ల ప్రశ్న ఇది. అసలు పోటీ రెండింటికే: ఎర్ర సముద్రం ఒడ్డున జెద్దాలోని పాత ఊరు అల్ బలద్, ఇటు బహ్రెయిన్‌లో ముహర్రఖ్. ముహర్రఖ్ 2012లో, జెద్దా 2014లో యునెస్కో జాబితాకెక్కాయి కాబట్టి ఆ ముద్ర చూసి తేల్చుకునేదేమీ లేదు.

ఇల్లు ఎంత గొప్పగా ఉందన్నదే లెక్కయితే జెద్దాకి సాటి లేదు. నసీఫ్ వారి ఇల్లు ఒక్కటి చూసినా చాలు. 1872లో మొదలుపెట్టి 1881కి పూర్తిచేశారు. కట్టించిన ఒమర్ నసీఫ్ ఎఫెండీ వర్తక కుటుంబం మనిషే, ఊరికి గవర్నరుగా కూడా చేశాడు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆవిరి ఓడల రాకపోకలు పెరిగి, హజ్ యాత్రికులూ సరుకులూ ఈ రేవులో దిగుతున్న రోజులవి. గోడలకు వాడింది సముద్రంలోంచి తవ్వి తెచ్చిన పగడపు రాయి. మధ్యమధ్య అడ్డంగా చెక్క దూలాలు పరిచి కట్టారు. పూత రాలిన చోట దగ్గరికెళ్లి చూస్తే రాతిలో గవ్వల, పగడాల గుర్తులు వేలికి తగులుతాయి. మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటాయి. సరుకు మోసుకుని ఒంటెలు పై అంతస్తుల దాకా ఎక్కేవని చెబుతారు. మెట్లెక్కుతుంటే మనకీ నమ్మాలనిపిస్తుంది.

ఇంటి ముందు వేపచెట్టు ఉంది. మన పెరట్లో ఉంటే తలెత్తి కూడా చూడం, కానీ అక్కడ అది ఊరికి గుర్తు. పాత జెద్దాలో చాలాకాలం చెట్టంటే అదొక్కటేనట, 'చెట్టున్న ఇల్లు' అంటే ఎవరైనా దారి చూపించేవాళ్లట. కారణం నీళ్లు. 1947లో దూరం నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చేదాకా ఊరికి దిక్కు వాననీటి తొట్లు, ఉప్పునీటిని మరిగించి మంచినీళ్లు తీసే యంత్రం. తాగడానికే కటకటలాడే చోట చెట్టుకు నీళ్లు పోసిన ఇంటి కలిమి ఎంతో వేరే చెప్పక్కర్లేదు. 1925 డిసెంబర్‌లో జెద్దా చేజిక్కాక సౌదీ రాజ్యాన్ని స్థాపించిన అబ్దుల్ అజీజ్ దిగింది కూడా ఈ ఇంట్లోనే.

ఈ ఇళ్లలో కింది అంతస్తు వ్యాపారానికి, వచ్చేపోయే మగవాళ్లకి. పైన ఆడవాళ్లు, పిల్లలు. ఎండాకాలం పడకలు డాబా మీద. వీధి మీదికి ముందుకొచ్చిన చెక్క జాలీ కిటికీని రోషన్ అంటారు. టేకు ఇండియా నుంచీ జావా నుంచీ ఓడల్లో వచ్చేది. లోపల కూర్చున్నవాళ్లకి వీధంతా కనిపిస్తుంది, వీధికి వాళ్లు కనిపించరు. హజ్ సీజన్ వచ్చిందంటే కింది అంతస్తులు యాత్రికులకి అద్దెకిచ్చి, ఇంటిల్లిపాదీ పైకి సర్దుకునేవాళ్లు. ఇల్లే దుకాణం, ఇల్లే సత్రం.

ఇంత చెప్పాక కూడా నా మొగ్గు ముహర్రఖ్ వైపే.

ఎందుకంటే షావుకారు ఇల్లు ఎంత పెద్దదైనా షావుకారు సంగతే చెబుతుంది. ఆ డబ్బు ఎవరి రెక్కల మీద వచ్చిందో చెప్పదు. ముహర్రఖ్‌లో ముత్యాల దారి అని సుమారు మూడున్నర కిలోమీటర్ల నడక ఉంది. ముత్యాల వేటకి ఓడలు బయల్దేరిన బూ మాహిర్ కోట ఒడ్డు దగ్గర్నుంచి ఊళ్లోకి నడిస్తే ఆ వ్యాపారంతో ముడిపడిన పదిహేడు కట్టడాలు తగులుతాయి. సియాదీ కుటుంబం పెద్ద ముత్యాల వర్తకులు. వాళ్ల ఇంట్లో గోడల గచ్చు పూత మీద నగిషీ, రంగుటద్దాలు, పక్కనే అతిథులు కూర్చునే సొంత మజ్లిస్, మసీదు. అదే దారిలో నఖోదా ఇల్లుంది, అంటే మన రేవుల్లో సరంగు లాంటివాడిది. సముద్రంలో మునిగే కూలీ కుటుంబం ఇల్లూ ఉంది. ఆ గదుల ఎత్తు, తలుపుల వెడల్పు చూసి, మళ్లీ సియాదీ వాళ్ల గుమ్మం చూడండి.

మధ్యలో ఉన్నది అప్పు. వేసవిలో నాలుగు నెలల సీజన్‌కి ముందే నఖోదా అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ నఖోదా తాను షావుకారు దగ్గర తెచ్చేవాడు. సీజన్ అయ్యాక తిండిగింజలకి మళ్లీ అప్పు. మునిగేవాడు ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టిన తాడుతో దిగి, ఆల్చిప్పలు బుట్టలో వేసుకుని తాడు కదిపితే పైనున్నవాడు లాగేవాడు. రోజుకి పదుల సార్లు ఇదే పని. లెక్క రాసేది నఖోదా, చదవలేనివాడు కూలీ. తీరని బాకీ కొడుకుల మీద పడేది. పాలమూరు లేబర్ మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలసెళ్లిన కథ తెలిసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. 1920ల్లో సంస్కరణలొచ్చి, ఒక్కో మనిషికీ ఖాతా పుస్తకం ఉండాలన్నారు.

షావుకారు వైపు చూస్తే, ఎర్రగుడ్డ పరిచి, చిల్లుల సైజు తగ్గుతూ పోయే ఇత్తడి జల్లెళ్లలో ముత్యాలు వేరుచేసి, తూచి, బొంబాయికి చేర్చేవాళ్లు. లావాదేవీలు రూపాయల్లోనే. మన హైదరాబాద్ నగల కొట్లలో 'బస్రా ముత్యాలు' అని అమ్మినవి ఈ గల్ఫ్ నీళ్లవే. జెద్దా వర్తకుల్లోనూ ముత్యాలవాళ్లున్నారు. 1905లో జెద్దాలో అల్ ఫలాహ్ బడి పెట్టిన మహమ్మద్ అలీ జైనల్ బొంబాయిలో ముత్యాల వ్యాపారం చేసినవాడే. 1929 మాంద్యం, జపాన్ పెంపకపు ముత్యాలు కలిసి ఈ వ్యాపారాన్ని దెబ్బకొట్టాయి. బహ్రెయిన్‌లో చమురు పడింది 1932లో.

ముహర్రఖ్‌లో లోపాలూ ఉన్నాయి. బాగుచేసిన ఇళ్లు మరీ శుభ్రంగా, చాలావరకు ఖాళీగా ఉంటాయి. మంచాలు, పెట్టెలు, వంటసామాను చూడాలనుకుంటే నిరాశే. జెద్దాలో అయితే బాగుచేత ఇంకా నడుస్తోంది, పరంజీలు అడ్డొస్తాయి.

దుబాయ్ అల్ ఫహీదీ సంగతా? లింగే రేవులో సుంకాలు పెరిగితే ఇవతలకొచ్చిన ఇరాన్ తీరపు వర్తకుల పేట అది. ఇళ్లలోకి గాలిని దింపే బురుజులు బాగుంటాయి, ఫోటోలు ఇంకా బాగా వస్తాయి. ఇప్పుడక్కడ ఎక్కువ కాఫీ షాపులు, గ్యాలరీలే. మస్కట్‌లో మత్రాహ్ సముద్రపు వీధి ఒక సాయంత్రానికి సరిపోతుంది. కువైట్‌లో పాత ఊరు 1950ల నుంచే చాలావరకు కూల్చేశారు.

దమ్మాం, ఖోబర్ వాళ్లకి దారి తేలికే. 25 కిలోమీటర్ల వంతెన దాటితే బహ్రెయిన్. సౌదీ దాటి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ అనుమతి, బహ్రెయిన్ వీసా ముందే చూసుకోండి. ఇళ్లు తెరిచే రోజులు, వేళలు కూడా ముందే కనుక్కోండి. ఉమ్రాకి వచ్చి జెద్దాలో ఒక పూట మిగిలినవాళ్లు మాత్రం ముహర్రఖ్ కోసం బెంగపడక్కర్లేదు. మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు తర్వాత పాత ఊరి ద్వారం బాబ్ మక్కా వైపు నుంచి అల్ బలద్‌లోకి నడిచి, అల్ అలవీ బజారు మీదుగా నసీఫ్ ఇంటికి చేరుకోండి. ఎండ తగ్గి, అప్పుడే కొట్లు తెరుస్తుంటారు.