పదకొండేళ్ల వాడిక: చెట్టు కింద తాగే కల్లు గురించి

చిట్యాల దాటి హైవే దిగి లోపలికి పోతే మా ఊరి తాటివనం వస్తుంది. అక్కడ ఒకే గౌడన్న దగ్గర నాకు పదకొండేళ్లుగా వాడిక ఉంది. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, వాడిక అంటే సీజన్ మొదట్లోనే వారానికి ఇన్ని సీసాలని మాట అనుకోవడం. ఆ రోజు కల్లు ఎంత తక్కువ పారినా ఆయన నా వాటా తీసిపెడతాడు, నేను పోయినా పోకపోయినా డబ్బులు ఇస్తాను. ఈ పద్ధతి వల్లే నాకు ఇన్నేళ్లూ మంచి కల్లు దొరికింది.

ముందు రుచి సంగతి. సూర్యుడు రాకముందు దించితే అది నీరా, చక్కెరపాకం పలుచగా కలిపినట్టు తియ్యగా ఉంటుంది. లొట్టికి, అంటే కల్లు పట్టే కుండకు, లోపల సున్నం పూస్తే ఆ తీపి కాసేపు నిలుస్తుంది, పూయకపోతే పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. నాకు ఇష్టమైంది ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య కల్లు. అప్పటికి తీపి పూర్తిగా పోదు, పులుపు ఇంకా ముదరదు, నాలుక మీద సన్నగా చురుక్కుమంటుంది. గౌడన్న లొట్టి వంచితే ముందు నురగ వస్తుంది, దాంట్లో రెండు మూడు తేనెటీగలు, కొన్ని చీమలు ఉంటాయి. ఆయన వాటిని వేలితో పక్కకు తీసి వడగట్టి తాటాకు రేకలో పోస్తాడు. ఆ పచ్చి ఆకు వాసన కూడా రుచిలో భాగమే, అదే కల్లు ఇంటికి తెచ్చి గ్లాసులో పోసుకుంటే సగం పోయినట్టు ఉంటుంది. పోద్దాటి కల్లు (మగ తాటిచెట్టుది), పండుదాటి కల్లు (కాయలు కాసే ఆడ చెట్టుది) వేరువేరుగా ఉంటాయి, ఎండలు ముదిరాక వచ్చే పండుదాటి కల్లే నాకు ఎక్కువ నచ్చుతుంది. మా అత్తగారి ఊరు కల్వకుర్తి వైపు, అక్కడ చలికాలంలో ఈతకల్లు తాగుతాను. అది ఇంకా తేలిక, కానీ ఈతచెట్టుకు కాండానికే గాటు పెడతారు కాబట్టి ఒకసారి గీసిన చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి, ఆత్రపడి గీస్తే చెట్టు పోతుంది.

రెండో ఏడు గౌడన్నకు జ్వరమొచ్చి పది రోజులు చెట్టెక్కలేదు. నేను ఆగలేక పట్నంలో ఒక దుకాణంలో రెండు సీసాలు తాగాను. సాయంత్రం దాకా మత్తు వదల్లేదు, నోరు ఎండిపోయింది, మర్నాడు చేతులు వణికాయి. చెట్టు కల్లులో ఆల్కహాల్ దాదాపు బీరులో ఉన్నంతే, రెండు సీసాలకు అట్లా కాకూడదు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు, అలవాటైన మనిషికి అవి ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ వస్తాయి, పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తాడు. రంగు చూసి కనిపెట్టలేం. మధ్యాహ్నం రెండింటికి కూడా తీపి తగ్గలేదంటే మాత్రం అనుమానించండి. ఇంకోటి, చుట్టూ యాభై చెట్లు కూడా లేని చోట రోజుకు వందల సీసాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అడగండి.

ధర గురించి మొదటి ఏడు నేనూ బేరం ఆడాను. ఒక పొద్దున ఆయన చెట్టెక్కడం దగ్గరుండి చూశాను. నడుముకూ చెట్టుకూ చుట్టే తాడు మోకు, కాళ్లకు వేసుకునే బంధం గుజి, వెనకాల ముస్తాదు అనే సంచిలో కత్తులు. పైకి పోయి గెల కొసను కాగితం మందాన చెక్కాలి, లోతుగా తెగితే గెల పాడవుతుంది, చెక్కకపోతే పారదు. రోజుకు రెండు పూటలా, పదిహేను చెట్లు. మోకు ఒరుసుకుని నడుము మీద చర్మం నల్లగా కాయ కాసింది. "తమ్మీ, పైన గాలి ఎట్ల కొడ్తదో కింద ఉన్నోనికి తెల్వది" అన్నాడు. ఆ రోజు నుంచి బేరం మానేశాను. 2024లో ప్రభుత్వం గీత కార్మికులు చెట్టు మీది నుంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టాక ఆయనకూ ఒకటి వచ్చింది. మొదట్లో టైం పడుతోందని విసుక్కున్నాడు, ఇప్పుడు చెట్టు తడిగా ఉంటే అది లేకుండా ఎక్కడు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. ముసురు పట్టిందంటే కల్లు పలుచగా ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. దూరం తీసుకుపోలేం, మూత బిగించి కారులో పెడితే గ్యాస్‌కు సీసా పేలుతుంది, కొంచెం వదులుగా పెట్టండి. తాగి బండి నడపొద్దు, మాకైతే తమ్ముడు నడుపుతాడు, వాడు తాగడు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది చెట్ల సంగతి. వనం పక్కనే వెంచర్ పడింది, మూడేళ్లలో ఇరవై చెట్ల దాకా పోయాయి. గింజ పెట్టిన తాటిచెట్టు గీతకు రావాలంటే పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ఆదాయం ఉన్న చెట్టును ఎవరూ అంత తేలిగ్గా కొట్టనివ్వరు, అందుకే వాడికలు పెరగాలని నా పట్టుదల. ఈ సీజన్‌కు నాలుగు సీసాల బదులు ఆరు చెప్పి అడ్వాన్స్ ఇచ్చాను. ఆ రెండూ మా ఆఫీసులో ఇద్దరికి, కానీ నేను తెచ్చివ్వను, పొద్దున ఎనిమిదికల్లా వాళ్లే చెట్టు కిందికి రావాలి.