స్పానిష్ 'ఇర్' క్రియ: పట్టిక బట్టీనా, వాక్యాలా? ఏది మేలు?

స్పానిష్ మొదలుపెట్టగానే 'ఇర్' అనే క్రియ ఎదురొస్తుంది. వెళ్ళడం అని అర్థం. పేరు ఇర్, కానీ వర్తమాన కాలంలో దాని రూపాలకి ఆ పోలికే ఉండదు: బోయ్ (నేను), బాస్ (నువ్వు), బా (అతను, ఆమె), బామోస్ (మేం), బాయిస్ (మీరందరూ), బాన్ (వాళ్ళు). (రాతలో 'వి' అక్షరమే, పలికేటప్పుడు 'బ'కి దగ్గరగా ఉంటుంది, అందుకే ఇలా రాస్తున్నా.) దీన్ని ఎక్కంలా బట్టీ పట్టాలా, లేక నేరుగా వాక్యాల్లో పెట్టి వాడేయాలా?

వర్తమాన కాలం వరకు నా ఓటు వాక్యాలకే. పట్టిక మాత్రమే వచ్చినవాడు 'మేం వెళ్తున్నాం' అనాలంటే బోయ్ దగ్గర మొదలుపెట్టి లోపల వల్లించుకుంటూ బామోస్ దాకా రావాలి, ఈలోపు ఎదుటివాడు ఇంకో మాటలోకి వెళ్ళిపోతాడు. అదే, బస్సుల కాంప్లెక్స్ దగ్గర ఆటో ఎక్కినప్పుడు 'బోయ్ ఆ అరసవల్లి', ఫ్రెండ్స్‌తో బయల్దేరితే 'బామోస్ ఆ కళింగపట్నం' అనుకోవడం అలవాటైతే రూపం దానంతటదే నోటికొస్తుంది. శ్రీకాకుళంలో మనతో స్పానిష్ మాట్లాడేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు, మనలో మనమే అనుకోవాలి మరి! ఆ వాక్యాల మధ్యలో ఉన్న 'ఆ' చూశారా, అది మన 'కి' లాంటిది. మనం 'పలాస వెళ్తున్నా' అని 'కి' లేకుండానే అనేస్తాం కాబట్టి అక్కడా ఎగరగొట్టేస్తాం. పట్టికలో అది ఉండనే ఉండదు.

ఇంకోటి, అమ్మ వంటింట్లోంచి పిలిస్తే మనం 'వస్తున్నా' అంటాం, స్పానిష్ వాళ్ళు 'యా బోయ్' అంటారు, అంటే వెళ్తున్నా అని. బయల్దేరేటప్పుడు కూడా 'మె బోయ్' అనేస్తారు. మన ఇళ్ళలో గుమ్మం దగ్గర 'వెళ్తున్నా' అంటే మామ్మ ఊరుకుంటుందా, 'వెళ్ళొస్తా' అనాల్సిందే. ఇలాంటివి ఎంత వల్లించినా పట్టికలోంచి రావు. పైగా 'బోయ్ ఆ' తర్వాత ఇంకో క్రియ మూలరూపం తగిలిస్తే భవిష్యత్తు వచ్చేస్తుంది: 'బోయ్ ఆ కొమెర్', తినబోతున్నా. మొదట్లో ఇంతకంటే లాభం ఏముంది?

భూతకాలానికి మాత్రం పట్టికే మేలు. ఫుయి, ఫుయిస్తె, ఫుఎ, ఫుయిమోస్, ఫుయిస్తెయిస్, ఫుఎరోన్. 'సెర్' (ఉండటం) అనే ఇంకో క్రియకి కూడా అచ్చంగా ఇవే రూపాలు, అంటే ఒక్క బట్టీకి రెండు క్రియలు. 'ఫుయి ఆ పలాస' అంటే పలాస వెళ్ళాను, 'ఫుయి మాఎస్త్రో' అంటే టీచరుగా ఉండేవాణ్ణి.

'మీరు' సంగతి కూడా పట్టికలోనే తేలిగ్గా కనబడుతుంది. పెద్దవాళ్ళని 'ఉస్తెద్' అంటే దానికి బాస్ కాదు, అతనికీ ఆమెకీ వాడే 'బా'నే వస్తుంది. మెక్సికో, పెరూ వైపు స్పానిష్ చాలనుకునేవాళ్ళు బాయిస్‌ని వదిలేయొచ్చు, అక్కడ 'మీరందరూ'కి కూడా బాన్ వాడతారు.