పదిహేను వేల పింఛనుతో తోడుమనిషి: ఉభాలు (వరి నాట్లు) గడిచాక చెబుతున్న మాట

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసాలో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 2024 జులై నుంచి నెలకు 15,000 వస్తోంది. అంతకుముందు 5,000. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు, అర్హతల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది, దేనికి ఖర్చు పెట్టావని ఎవరూ అడక్కపోవడం. 5,000 మందులకీ డైపర్లకీ అయిపోయేది. 15,000 అయ్యాకే మనిషిని పెట్టుకోవడం కుదిరింది. ఎవరు రావాలి, ఎన్నింటికి రావాలి, ఒళ్లు ఎలా తుడవాలి అన్నది నాలా వెన్నుపూస దెబ్బతిన్న మనిషే చెప్పగలగడం ఎంత గొప్ప సంగతో మంచం పట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

రోజంతా ఉండే మనిషి ఈ డబ్బుకి దొరకడు. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం ఒక గంట, ఊళ్లోవాడే అయితే సరిపోతుంది. పని మాత్రం దగ్గరుండి నేర్పించాలి. పక్కకి తిప్పేటప్పుడు ఒంటికింద మడత దుప్పటి వేసి ఎత్తాలి, ఈడ్చకూడదు. మూత్రం సంచి ఎప్పుడూ పొట్టకంటే కిందే ఉండాలి. ఛాతీ పైభాగంలోనో మెడలోనో వెన్ను దెబ్బతిన్నవాళ్లకి ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, ముఖమంతా చెమటలు వస్తే పడుకోబెట్టకూడదు. కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, మూత్రం గొట్టం మడతపడిందేమో చూడాలి. తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

అసలు దెబ్బ ఉభాలప్పుడు తగిలింది. "ఉభాలయినంత వరకూ రాలేనన్నియ్యా" అన్నాడు మనిషి. తప్పు పట్టలేం, పొలంలో ఆ కొద్దిరోజుల కూలే వాళ్లకి ఏడాది ఆసరా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు జీడిపిక్కల రోజుల్లోనూ ఇదే కథ. విశాఖలో ఒక ఏజెన్సీని అడిగితే నెలకు పింఛను మొత్తానికి మించి చెప్పారు. అయినా కొన్నాళ్లపాటు పెట్టుకున్నాం. వచ్చినతను ఒళ్లు ఎత్తకుండా దుప్పటి మీద ఈడ్చాడు. నడుం కింద, త్రికం ఎముక మీద చర్మం కమిలింది. మన చాయకి ఎరుపు తేలిగ్గా కనబడదు. అరచేయి పెడితే చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా తగిలితే అనుమానించాలి, ఆ వైపు బరువు పడనివ్వకూడదు. ఇది నాలుగు రోజులు ఆలస్యంగా తెలిస్తే మానడానికి నెలలు పడుతుంది. గాలి పరుపు ఉంది కదా అని రెండు గంటలకోసారి తిప్పడం మానకూడదు.

డబ్బు చేతికిస్తే సరిపోదని అప్పుడు అర్థమైంది. పని నేర్చిన మనుషులు మండలంలో నలుగురైనా ఉంటే, ఒకరు రాని రోజు ఇంకొకరు వస్తారు. అలాంటి ఏర్పాటు లేదు. అందుకే ఇప్పుడు ఇద్దరికి పని నేర్పించి పెట్టుకున్నాం, రెండోవాడికి వారానికి ఒక పూట పని. ఒక నెల జీతం ఎప్పుడూ పక్కన ఉంటుంది. ఆసుపత్రిలో ఉండి పింఛను తీసుకోలేకపోతే రెండు నెలలదాకా ఆగినదాన్ని మూడో నెల కలిపి ఇస్తారు, నిజమే. పనిచేసినవాడు మాత్రం అంతకాలం ఆగలేడు.

ఎవరూ లెక్క అడగరని పైన మెచ్చుకున్నాను. దానికీ ఒక ఇబ్బంది ఉంది. పింఛను వచ్చిన పూటే ఇంటి ఖర్చులో కలిసిపోతే తోడుమనిషి జీతమే ముందు ఎగిరిపోతుంది. ఒకటో తారీకు సచివాలయంవాళ్లు డబ్బు చేతిలో పెట్టగానే, అందరూ చూస్తుండగా జీతం కవరులో పెట్టేయడం మంచిది. పక్షవాతంతో మాట పోయినవాళ్ల తరఫున కవరు ఎవరు పట్టుకుంటారన్నది ఆ ఇంటివాళ్ల మంచితనాన్ని బట్టి ఉంటుంది.

నాకు చేతులు ఆడతాయి, మాట వస్తుంది, రాత్రిపూట ఇంట్లో భార్య ఉంటుంది. అందుకే ఇది బాగానే నడుస్తోందంటాను. ఒంటరిగా ఉండేవాళ్లు మాత్రం ఈ 15,000 నమ్ముకుని ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసే ముందు, రాత్రి తిప్పేదెవరో తేల్చుకోవాలి.