స్కూలు కారా, బాబాయి ఆల్టోనా: డ్రైవింగ్ టెస్టుకి ఏది మేలు?

లెర్నింగ్ లైసెన్స్ చేతికొచ్చిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. 30 రోజులు నిండితే గానీ డ్రైవింగ్ టెస్టుకి రానివ్వరు. ఆరు నెలలు దాటితే ఆ లెర్నింగ్ చెల్లదు. ఈ మధ్యలో కారు ఎవరి దగ్గర నేర్చుకోవాలన్నది మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. వీధి చివర డ్రైవింగ్ స్కూల్లో చేరిపొమ్మని అమ్మ. "ఎందుకు వదినా డబ్బులు దండగ, ఆదివారాలు నేను నేర్పిస్తాగా" అని బాబాయి. చివరికి నేను రెండూ చేశాను. ఒకసారి ఫెయిలయ్యాను కూడా. అందుకే ఈ నాలుగు ముక్కలు.

స్కూలు కారులో దొరికేది ధైర్యం. సారు కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి. మనం కంగారుపడి ఏది తొక్కినా ఆయన ఆపేస్తాడు. రెండో రోజే మెయిన్ రోడ్డెక్కించినా ప్రాణం కుదుటగా ఉంటుంది. బెల్టు పెట్టుకోవడం, అద్దాలు సర్దుకోవడం, ఇండికేటర్ వేశాకే పక్కకు తిరగడం పద్ధతిగా అలవాటవుతాయి.

చిక్కంతా ఆ రెండో క్లచ్చుతోనే. పన్నెండు క్లాసుల్లో నా బండి ఒక్కసారి కూడా ఆఫ్ కాలేదు. నాకు స్టీరింగ్ పుట్టుకతోనే వచ్చిందనుకున్నాను. ఆదివారం బాబాయి ఆల్టో ఎక్కితే, మా గేటు దాటేలోపే నాలుగుసార్లు ఆఫైంది. "ఇన్నాళ్ళూ తోలింది నువ్వు కాదమ్మా, మీ సారు" అని బాబాయి ఒకటే నవ్వు.

ఇంకో మాట. అరగంట క్లాసంటారు, అందులో పది నిమిషాలు తర్వాతి స్టూడెంటుని ఇంటి దగ్గర ఎక్కించుకోవడానికే పోతుంది. మిగతాదంతా తిన్నని రోడ్డు. రివర్స్ నాకు చూపించింది ఒక్కరోజు. టెస్టులో అడిగేది ఎక్కువగా అదే.

ఇక బాబాయి పద్ధతి. డబ్బు ఖర్చు లేదంటారు గానీ పెట్రోలు ఉంది, బంపరు గీతలు ఉన్నాయి. పక్కన కూర్చునే మనిషికి లైసెన్స్ ఉండాలి, బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. అవి చూసుకున్నాక, ఇంటి మనిషి ఇచ్చే గొప్ప వరం టైము. ఊరి చివర అమ్ముడుపోని వెంచర్ ఒకటుంది. రోడ్లు వేశారు, ఇళ్ళు లేవు. ఇసుక పోసిన కూల్‌డ్రింక్ సీసాల్లో కర్రలు గుచ్చి, అమ్మ ముగ్గుపిండితో రోడ్డు మీద పెద్ద హెచ్ గీశాం, టెస్టులో కారు తిప్పాల్సిన దారి ఆ అక్షరం ఆకారంలోనే ఉంటుంది. ముందుకెళ్ళడం, రివర్స్‌లో మలుపు తిప్పడం, మళ్ళీ ముందుకు రావడం, ఇంకోవైపు రివర్స్. మొదటిరోజు ఐదు సీసాలు పడగొట్టాను. మూడో ఆదివారానికి ఒక కిటుకు పట్టుబడింది: ఎడమ అద్దంలో మూల సీసా వెనక డోరు పిడి దగ్గరికి వచ్చినప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పాలి. ఆ గుర్తు ఆల్టోకే, నా ఎత్తుకే సరిపోతుంది. స్కూలు సారు చెప్పలేనిది అదే.

కానీ బాబాయి దగ్గర జబ్బులు కూడా అంటుకుంటాయి. దిగుడులో పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌ చేస్తాడు. ఎడమకాలు ఎప్పుడూ క్లచ్చు మీదే. పోలీసు కనిపిస్తేనే బెల్టు. ఎత్తు రోడ్డు మీద బండి ఆపి మళ్ళీ కదిలించాలంటే హ్యాండ్‌బ్రేకు ముట్టడు, హాఫ్ క్లచ్చులో ఇంజన్ని గగ్గోలు పెట్టిస్తాడు. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడికి అది చెల్లుతుంది. టెస్టులో ఎత్తు మీద కారు వెనక్కి జారితే మనకు చెల్లదు. ఈ ఒక్క విషయంలో స్కూలు సారు మాటే వినండి: హ్యాండ్‌బ్రేకు వేసి, క్లచ్చు వదులుతూ బండి ముందుకు గుంజుతోందని తెలిశాకే బ్రేకు దించడం. అన్నట్టు, అరుపులు కూడా ఉంటాయి. మేమిద్దరం రెండు రోజులు మాట్లాడుకోలేదు.

నేను ఫెయిలైంది హెచ్‌లోనే. టెస్టు రోజు స్కూలు వాళ్ళు నేను ఎప్పుడూ ఎక్కని కారు పంపారు. సీటు ఎత్తు వేరు, అద్దాలు వేరు, క్లచ్చు చివరిదాకా వదిలితే గానీ అందుకోదు. డోరు పిడి గుర్తు అక్కడ పనిచేయలేదు. ఫెయిలైతే ఏడు రోజులు ఆగి మళ్ళీ వెళ్ళొచ్చు, మూడుసార్లు పోతే మాత్రం 60 రోజులు ఆగాలి. రెండోసారి బాబాయి ఆల్టోలోనే వెళ్ళాను, హెచ్ అయిపోయిందని కిందికి దిగాక గానీ తెలియలేదు.

మూడో దారి కూడా ఉంది, గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలు. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం కారుకి నాలుగు వారాల్లో 29 గంటలు, అందులో 8 గంటలు పాఠాలు, 21 గంటలు డ్రైవింగ్. అక్కడే పరీక్ష పాసైతే ఆర్టీఓ ఆఫీసు డ్రైవింగ్ టెస్టు నుంచి మినహాయింపు. దగ్గర్లో ఉండి, తీరిక ఉంటే అదే మేలు, మా వైపు లేదు. వీధి చివరి మామూలు స్కూలు సర్టిఫికెట్‌కి ఆ మినహాయింపు లేదు, సొంత కారు లైసెన్స్‌కి అది తప్పనిసరీ కాదు. 2024 జూన్ 1 నుంచి ఏ ప్రైవేటు స్కూల్లోనైనా టెస్టు ఇచ్చేయొచ్చని ఒక ప్రచారం నడిచింది. నియమాల్లో మార్పేమీ లేదని కేంద్ర రవాణా శాఖే చెప్పాల్సొచ్చింది.

ఒక్కటే ఎంచుకోమంటే? ఇంట్లో కారు లేకపోతే స్కూలే, వేరే మాట లేదు. ఫీజు కట్టేముందు రెండు అడగండి: రివర్స్ క్లాసులు ఎన్ని, టెస్టుకి పంపేది నేర్పిన కారేనా. కారుండి, ఓపికున్న మనిషి కూడా ఉంటే, భయం పోవడానికి పది క్లాసులు స్కూల్లో, ఆ తర్వాత మూడు నాలుగు ఆదివారాలు ఖాళీ వెంచర్‌లో. ముగ్గుపిండి రెండు కిలోలు సరిపోతుంది.