అమెరికా ఫుట్‌బాల్ యాప్ పాస్: రీప్లే మస్తు, లైవ్ తిప్పలే
మేం నల్గొండల గడియారం సెంటర్ దగ్గర ఉంటం, మ్యాచులేమో రాత్రి బాగ పొద్దువోయినంక వస్తయ్ గాబట్టి రీప్లేనే దిక్కు, అది మాత్రం మస్తున్నది. ఫిలడెల్ఫియా టీమ్ ఈగల్స్ 2024 సీజన్ మొత్తం మళ్ల చూసిన. డ్రాఫ్ట్‌ల (కొత్త ఆటగాళ్లని టీమ్‌లు వంతుల వారీగ ఎంచుకునే కాడ) మొదటి రెండు పిక్కులు కార్నర్‌బ్యాక్‌లకే (పాస్‌లు అందుకునేటోళ్లని ఆపే డిఫెండర్లు) పెట్టిర్రు, 22వ నంబర్ పిక్‌ల క్విన్యాన్ మిచెల్, 40వ నంబర్‌ల కూపర్ డిజీన్, ఇగ జాక్ బాన్‌ని ఏడాది కాంట్రాక్ట్ మీద తెచ్చి లైన్‌బ్యాకర్‌గ (డిఫెన్స్ నడుమ ఆడేటోడు) నిలబెడితే అదే ఏడాది ఆల్ ప్రో, అంటే లీగ్‌ల మేటి ఆటగాళ్ల జట్టుల చోటు వట్టిండు (గిదొక్కటి చూస్తే పైసా వసూల్). ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్‌ల అవతలి టీమ్ కాన్సాస్ సిటీకి బాల్ ఇసిరే మహోమ్స్‌ని 6 సార్లు పడగొట్టి 40-22తోని గెలిచిర్రు, డిజీన్ అయితే బర్త్‌డే నాడే బాల్ గుంజుకొని ఉరికిండు టచ్‌డౌన్‌కి (బాల్‌ని చివరి గీత దాటించుడు). లైవ్‌లనే తిప్పలు, సరిగ్గ బాల్ ఇసిరేటప్పుడే చక్రం తిరుగుతది, కస్టమర్ కేర్‌కి మెయిల్ వెడితే సప్పుడు లేదు. 3 స్టార్లు.